రెండో నంబరు ప్లగ్గు

అత్తగారి పెదవుల మీది నీలం పూర్తిగా పోయేదాకా కోడలు ఆవిడ చెయ్యి వదల్లేదు.

ఆక్సిజన్ మెషీను ఇప్పుడు వంటింటి గుమ్మం పక్కనున్న గోడ ప్లగ్గుకి ఉంది. కాసేపటి క్రితం దాన్ని హాలు ఆ చివర నుంచి ఈ చివరికి చక్రాల మీద ఈడ్చుకొచ్చింది కోడలే. మంచం దగ్గర నుంచి మెషీను దాకా గొట్టం నేల మీద అడ్డంగా పాకి ఉంది. మెషీను గుర్రుమంటోంది. ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపూ భయం లేదు.

"ఇంకో గుక్క నీళ్ళు తాగుతారా అత్తయ్యా?"

ఆవిడ కళ్ళతోనే వద్దంది.

వీధి తలుపు ధడాలున తెరుచుకుంది. ఆడపడుచు చిట్టి. మందుల షాపులో వేసుకునే తెల్లకోటు కూడా విప్పకుండా పరుగెత్తుకొచ్చింది.

"ఏం చేశావు వదినా?"

ఏమైందని కాదు, ఏం చేశావని.

"మెషీను ఆగిపోయింది చిట్టీ. నేను కింద గేటు దగ్గర బ్యాడ్జీల పార్సిలు తీసుకెళ్ళే అబ్బాయికి ఇస్తున్నాను. పైకొచ్చేసరికి కీచుమని ఒకటే అరుపు."

"కరెంటు పోయిందా?"

"లేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది."

"మరి మెషీనొక్కటే ఎలా ఆగుతుంది?"

"తెలీదు. ప్లగ్గు పీకి ఇక్కడ పెట్టగానే నడిచింది."

చిట్టి తల్లి వేలికి తన దగ్గరున్న ఆక్సిజన్ కొలిచే చిన్న క్లిప్పు తగిలించి అంకెలు చూసింది. ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరితోనే మళ్ళీ మొదలెట్టింది.

"నిన్నటిదాకా లక్షణంగా నడిచిందిగా! ఇవాళ నువ్వేం కదిపావు?"

కోడలు కిటికీ వైపు చూసింది. హాల్లో కిటికీ కింద తన ఎంబ్రాయిడరీ మెషీను ఉంది. దాని పక్కనే బల్ల, బల్ల మీద పాత కంప్యూటరు. బల్ల కింద గోడవారగా నాలుగు ప్లగ్గుల బోర్డు. అన్నీ దానికే.

"పొద్దున ప్లగ్గులు మార్చాను," అంది చివరికి. "నా మెషీనుది తీసి అత్తయ్య దాంట్లో, అత్తయ్యది నా దాంట్లో."

"ఎందుకూ?"

"నా మెషీను రోజూ మధ్యాహ్నం ఆగిపోతోంది కదా. లోపం మెషీనులో ఉందా, ప్లగ్గులో ఉందా చూద్దామని."

"అంటే నీ బ్యాడ్జీల కోసం అమ్మ ప్రాణం మీద ప్రయోగం చేశావా?"

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. తను చేసింది అదే కదా అని ఆమెకే అనిపించింది.

కొన్ని నెలలుగా ఆ మెషీను ఆమెని ఏడిపిస్తోంది. స్కూళ్ళ యూనిఫారాల మీద కుట్టే బ్యాడ్జీల పని. పొద్దునంతా చక్కగా నడుస్తుంది. భోజనాలయ్యాక, సగం సింహం కుట్టాక, ఉన్నట్టుండి ఆగిపోతుంది. మళ్ళీ నడిచేసరికి సూది వెంట్రుకవాసి పక్కకి జరుగుతుంది. సింహానికి రెండు ముక్కులొస్తాయి. రిపేరుకొచ్చిన మెకానిక్ దాన్ని విప్పి, నూనె వేసి, మళ్ళీ బిగించి నవ్వాడు. "దీనికేం రోగం లేదమ్మా, మీ చేతిలోనే ఏదో ఉంది," అన్నాడు. ఆమె ఆ మాట నమ్మింది. ఈమధ్య తాళం వేసిన తలుపుని కూడా రెండుసార్లు లాగి చూసుకుంటోంది.

"అన్నయ్యకి చెప్పావా?" చిట్టి అడిగింది.

"మెషీను ఆగింది, అత్తయ్యకి బాగాలేదు, రండి అని చెప్పాను. అంతకు మించి నోరు పెగల్లేదు."

"రానీ. వాడే అడుగుతాడు నిన్ను."

మంచం మీద నుంచి అత్తగారు చెయ్యి కొంచెం ఎత్తింది. ఇంక చాలన్నట్టు. ఎవరికన్నదో తెలియలేదు.

*

ఆమె భర్త గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి. పెద్ద ఆఫీసులో కంప్యూటర్ల బాగోగులు చూస్తాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో భార్య మీద గొంతు పెంచలేదు, విస్తరి విసిరికొట్టలేదు. "మీ ఆయన వెన్నముద్దమ్మా" అని పక్కింటివాళ్ళు అంటే ఆమెకి గర్వంగానే ఉండేది.

ఆ బోర్డు తెచ్చిందీ అతనే. మామూలు బోర్డులాగే ఉంటుంది కానీ, దానికి పక్కనుంచి సన్నటి యూఎస్‌బీ తీగ ఒకటి వచ్చి కంప్యూటర్లో దూరుతుంది. నల్లటి తెర మీద ఒక్క లైను కొడితే చెప్పిన ప్లగ్గు ఆరుతుంది, చెప్పిన ప్లగ్గు వెలుగుతుంది. బొమ్మలూ, బటన్లూ ఏమీ ఉండవు. తెచ్చిన రోజు అందరినీ కూర్చోబెట్టి టేబుల్ లైటు ఆర్పి చూపించాడు. అత్తగారు చంటిపిల్లలా చప్పట్లు కొట్టింది.

"ఇంక నువ్వు ఇస్త్రీపెట్టె మర్చిపోయినా భయం లేదు," అన్నాడు ఆ రోజు భార్యతో. "ఆఫీసు నుంచే ఆపేస్తాను."

ఇప్పుడతను గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మెట్లు పరుగున ఎక్కినట్టున్నాడు, చొక్కా వీపుకి అతుక్కుపోయింది. చెప్పులు విప్పకుండానే తల్లి మంచం దగ్గరికొచ్చి, వంగి, ఆవిడ నుదుటి మీద చెయ్యేశాడు.

"అమ్మా. అమ్మా, ఇటు చూడు. నేను."

"బాగానే ఉన్నాలే," అంది ఆవిడ. గొంతు పీలగా ఉంది. "నీ పెళ్ళాం సమయానికి వచ్చింది."

అతను లేచాడు. మొహం పాలిపోయి ఉంది. భార్య వంక తిరిగాడు.

"అమ్మ మెషీను రెండో నంబర్లో ఎవరు పెట్టమన్నారు నిన్ను?"

"నేనే పెట్టాను. పొద్దున..." అని మొదలెట్టి ఆమె ఆగిపోయింది.

ఎక్కడో ఏదో గుచ్చుకుంది. ఏమిటో వెంటనే తెలియలేదు. అతని మొహం చూసింది, బల్ల కిందున్న బోర్డు చూసింది. మెషీను ఇప్పుడు బోర్డులో లేనే లేదు. గోడ ప్లగ్గుకి ఉంది.

"రెండో నంబరని మీకెవరు చెప్పారు?"

అతను వంగి చెప్పులు విప్పాడు.

"చిట్టీ, నువ్వేమైనా ఫోను చేశావా మీ అన్నయ్యకి?"

చిట్టి తడబడింది. "లేదు వదినా. నాకు నువ్వు చెప్పిందే ఇప్పుడు. వాడితో నేను మాట్లాడనే లేదు."

"నేను చెప్పలేదు. చిట్టి చెప్పలేదు. మరి మీకెలా తెలిసింది?"

"ఊహించాను."

"బోర్డుకి నాలుగున్నాయి."

"అది... ఆగిందంటే రెండోదే అయ్యుంటుందని..."

"రెండోదే ఎందుకయ్యుంటుంది?"

వంటింటి గుమ్మం దగ్గర మెషీను గుర్రుమంటూనే ఉంది. కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చెయ్యడానికి అవస్థపడుతున్నారు. తన్నినప్పుడల్లా దగ్గి ఆగిపోతోంది.

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"ఒరే," అంది తల్లి మంచం మీద నుంచి. "అడుగుతోందిగా. చెప్పు."

"అమ్మా, నువ్వు మాట్లాడకు, ఆయాసం వస్తుంది."

"వస్తే రానీ. చెప్పు."

అతను చేతులు చూసుకుంటూ చెప్పాడు. "రెండోది రోజూ మధ్యాహ్నం కాసేపు ఆరిపోయేలా పెట్టాను. తర్వాత దానంతటదే వెలుగుతుంది."

"రోజూనా?" చిట్టి అంది.

"రోజూ ఒకే టైముకి కాదు. కొంచెం అటూ ఇటూగా."

"ఎందుకటూ ఇటూగా?" అని చిట్టి అడిగింది. కోడలు అడగలేదు. ఆమెకి అర్థమైపోయింది. రోజూ ఒకే టైముకి ఆగితే ఎవరికైనా అనుమానం వస్తుంది. వేళాపాళా లేకుండా ఆగితే మెషీను పాడైందనుకుంటారు. లేదా తన చేతిలోనే ఏదో ఉందనుకుంటారు.

"మెకానిక్ వచ్చినప్పుడు మీరు పక్కనే నిలబడి టార్చి పట్టుకున్నారు," అంది ఆమె నెమ్మదిగా.

అతను తల వంచుకున్నాడు.

చిట్టి విసురుగా బల్ల కిందకి వంగి ఆ సన్నటి తీగని పట్టుకుని లాగేసింది. "అయిపోయిందా? పీడా వదిలింది."

"తీగ పీకినా ఆగదే," అన్నాడతను గొణుగుతున్నట్టు. "టైములు కంప్యూటర్లో లేవు. బోర్డు లోపలికెళ్ళి కూర్చున్నాయి. కంప్యూటరు లేకపోయినా దాని పని అది చేసుకుపోతుంది."

"అయితే బోర్డే పీకి అవతల పారేస్తా."

"వద్దు చిట్టీ," అంది కోడలు. "ముట్టుకోకు. ఆ తీగ మళ్ళీ పెట్టు."

*

అతను కంప్యూటరు ముందు కూర్చోబోయాడు. ఆమె కుర్చీ వీపు మీద చెయ్యేసింది.

"లేవండి. నేను కొడతాను. మీరు చెప్పండి."

"నీకు కష్టం. ఒక్క అక్షరం తప్పు పడినా..."

"ఒక్క కుట్టు తప్పు పడితే ఏమవుతుందో నాకు తెలుసు. చెప్పండి."

అతను లేచాడు. ఆమె కూర్చుంది. నల్లటి తెర మీద చిన్న తెల్లగీత కొట్టుకుంటోంది. అతను వెనక నిలబడి చెప్పాడు. ముందు ప్రోగ్రాం పేరు. ఖాళీ. అడ్డగీత. ఒక చిన్నక్షరం. మళ్ళీ ఖాళీ. ప్లగ్గు నంబరు. ఓ కొడితే వెలుగుతుంది. ఎఫ్ కొడితే ఆరుతుంది. జి కొడితే ఏది ఎలా ఉందో చెబుతుంది.

"ఇంతేనా?" అందామె.

"ఇంతే."

ఇంత చిన్నదా, అనుకుంది. ఇన్నాళ్ళూ తన పనినీ, తన బుర్రనీ తనే అనుమానించుకునేలా చేసింది ఈ ఒక్క లైనా?

ముందు జి కొట్టింది. నాలుగు ప్లగ్గులూ వెలుగుతున్నాయని జవాబొచ్చింది. రెండోది కూడా. ఏ పాపం ఎరగనట్టు.

"ఇప్పుడు ఎఫ్, రెండు," అని తనలో తనే అనుకుంటూ కొట్టింది. బల్ల కింద టక్‌మంది.

మంచం మీద అత్తగారు ఉలిక్కిపడింది.

"అదే! ఆ చప్పుడే. మధ్యాహ్నం నిద్రలో విన్నాను. టక్‌మంది. తర్వాత ఎవరో గుండె మీద కూర్చున్నట్టయింది."

అతను గోడ వైపు తిరిగాడు. చిట్టి తల్లి పాదాల మీద దుప్పటి సర్దడం మొదలెట్టింది. సర్దిన దుప్పటినే మళ్ళీ సర్దింది.

"పెట్టిన టైములు చూడాలంటే ఏం కొట్టాలి?" కోడలు అడిగింది.

అతను చెప్పాడు. రోజులు వరసగా వచ్చాయి. ఆమె చూపుడువేలు తెర మీద పెట్టి కిందికి జరుపుతూ చదివింది. వేలు ఒకచోట ఆగింది.

"సెలవు రోజుల్లో ఏం లేదే."

అతను కుర్చీ వెనక నుంచి ఒక అడుగు వెనక్కి తగ్గాడు.

"సెలవు రోజుల్లో నా మెషీను ఎందుకంత బాగా నడుస్తుందా అనుకునేదాన్ని," అందామె. గొంతు వణకలేదు. వణికితే బాగుండునని చిట్టికి అనిపించింది. "మీరింట్లో ఉంటే నాకు కలిసొస్తుందనుకున్నాను. మీతో కూడా అన్నాను ఆ మాట. గుర్తుందా? నవ్వారు."

"ఆ రోజే తీసేద్దామనుకున్నాను."

"తీసెయ్యలేదు."

"లేదు."

"చెరిపెయ్యడానికి ఏం కొట్టాలి?"

అతను ఒక్కొక్క అక్షరం చెప్పాడు. ఆమె ఒక్కొక్క అక్షరం కొట్టింది. తెర మీది రోజులన్నీ ఖాళీ అయ్యాయి. చూడ్డానికి ఎంతో తేలికగా ఉంది.

కుర్చీ ఇటు తిప్పి అతనికి ఎదురుగా కూర్చుంది.

"చప్పుడా? అత్తయ్య నిద్రకి అడ్డమా? అదే అయితే నాతో చెప్పొచ్చుగా."

"నాకెప్పుడూ అడ్డం కాలేదు," అంది అత్తగారు. "ఆ టకటక లేకపోతేనే నాకు నిద్రపట్టదు. టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో చప్పుళ్ళ మధ్య పనిచేసినదాన్ని."

"చప్పుడు కాదు," అన్నాడతను.

"మరి?"

"ఆ గది."

ఆమెకి అర్థమైంది. బట్టలకొట్టు పైనున్న గది. బ్యాడ్జీల పని పెరుగుతోందని, అక్కడ ఇంకో రెండు మెషీన్లు వేసి ఇద్దరమ్మాయిలని పెట్టుకుంటానని ఎండాకాలంలో అడిగింది. 'చూద్దాం' అన్నాడు. తర్వాత అడిగినప్పుడల్లా అదే మాట. ఈలోపు మెషీను మొరాయించడం మొదలెట్టింది. ఒక్క మెషీనే సరిగ్గా నడవనప్పుడు మూడెలా నడుపుతానని ఆమే ఆ మాట ఎత్తడం మానేసింది.

"వద్దని చెప్తే సరిపోయేది," అంది.

"చెప్తే నువ్వు బాధపడతావని..."

చిట్టి అంత ఆందోళనలోనూ నవ్వింది. ఏడుపులాంటి నవ్వు. "అబ్బ, ఎంత జాలిగుండె అన్నయ్యా నీది!"

"నువ్వూరుకో చిట్టీ. నీకేం, సాయంత్రం వచ్చి పలకరించి పోతావు." అతని గొంతు మొదటిసారి పెరిగింది. పెరిగిందని అతనికే తెలిసి తగ్గించాడు. "నేను పొద్దునపోతే రాత్రికొస్తాను. ఇది కూడా ఆ గదికెళ్ళిపోతే పగలంతా అమ్మని ఎవరు చూస్తారు? ఇవాళ్టి లాంటిది జరిగితే ఎవరుంటారు ఇంట్లో?"

"ఇవాళ్టిది నువ్వు చేస్తేనే జరిగిందిరా," అంది చిట్టి. కానీ ఆ మాటలో బలం లేదు.

ఎవరూ మంచం వైపు చూడలేదు. అక్కడి నుంచే మాట వచ్చింది.

"నా కోసమా?"

అత్తగారు మోచేతుల మీద లేవబోయింది. కోడలు పరుగున వెళ్ళి దిండు ఎత్తు పెట్టింది. ఆవిడ కోడలి మణికట్టు పట్టుకుని వదల్లేదు.

"నేనడిగానా నిన్ను? ఈ పిల్లని నాకు కాపలా పెట్టమని?"

"అమ్మా, అది కాదు..."

"నా చేతిలో ఊరందరి మాటలూ ఉండేవిరా. ఏ తీగ లాగితే ఎవరి మాట తెగిపోతుందో నాకు తెలుసు. కోపం వచ్చినా, పడనివాళ్ళదైనా, ఒక్కరిదీ లాగలేదు." ఆయాసం వచ్చింది. ఆగింది. గొట్టం సర్దుకుంది. "నా కడుపున పుట్టి, నా పేరు చెప్పి..."

వాక్యం పూర్తి కాలేదు.

ఊపిరి కుదుటపడ్డాక ఆవిడ చిట్టి వైపు తిరిగింది.

"చిట్టీ. మీ షాపు వెనక ఖాళీ గది ఉందన్నావు కదా. పగటిపూట నా మంచం అక్కడ వేయిస్తావా? రోజూ అక్కర్లేదు. వారంలో సగం రోజులు."

చిట్టి నోరు తెరిచింది. మూసుకుంది. తెల్లకోటు గుండీ ఒకటి పెట్టుకుంది, మళ్ళీ విప్పింది.

"అక్కడ మందుల పెట్టెలున్నాయమ్మా. గాలి కూడా ఆడదు. ఆయనతో ఒక మాట... నేను అడిగి చెప్తాను."

"సరే," అంది తల్లి. మొహం గోడ వైపు తిప్పుకుంది.

వచ్చినప్పటి నుంచి ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచిన చిట్టి ఇప్పుడు నేల చూస్తూ నిలబడింది. అతను కిటికీ దగ్గరికెళ్ళి బయటికి చూస్తున్నాడు. కోడలికి ఒక్కసారిగా అందరి మీదా జాలేసింది. ఆ జాలే తనని ఇన్నాళ్ళూ ఇక్కడ కుర్చీకి కట్టేసిందని కూడా అనిపించింది. మంచం మీద ఆవిడ భుజం సన్నగా కదులుతోంది. ఏడుస్తోందో, ఊపిరి తీసుకుంటోందో.

తను వెళ్తే ఈ భుజాన్ని ఎవరు చూస్తారు? ప్రశ్న అతనిదే అయినా అబద్ధం కాదు. అదే ఆమెకి అన్నిటికన్నా కోపం తెప్పించింది. ఆ ప్రశ్న ఎండాకాలంలోనే తన ముందు పెట్టి ఉంటే ఇద్దరూ కూర్చుని ఏదో ఒక దారి వెతికేవాళ్ళు. పోట్లాడుకునేవాళ్ళు. ఎవరినైనా మనిషిని పెట్టుకునేవాళ్ళు. అతను మాత్రం బల్ల కింద ఒక ప్లగ్గుతో మాట్లాడుకున్నాడు.

ఆమె ఫోను తీసింది. బట్టలకొట్టు ఆయన నంబరు వెతికింది.

"ఎవరికి?" అన్నాడతను కిటికీ దగ్గర నుంచి.

ఆమె ఫోను చెవికి ఆనించింది. అవతల మోగింది. ఎత్తారు.

"నమస్కారమండీ. పైగది సంగతి అడుగుదామని చేశాను. ఇంకా ఖాళీగానే ఉందా?"

"ఉందమ్మా," అవతలి గొంతు నిశ్శబ్దంలో హాలంతటికీ వినిపించింది. "వేరేవాళ్ళు కూడా అడుగుతున్నారు. మీరు ఊ అంటే మీకే."

అతను కిటికీ వదిలి రెండడుగులు ముందుకొచ్చాడు. గొట్టం కాలికి తగలబోతే దాటుకుని ఆగాడు. చిట్టి తలెత్తింది. మంచం మీద భుజం కదలడం ఆగింది.

"వద్దు," అన్నాడతను.

గట్టిగా కాదు, కోపంగా కాదు. కానీ అన్నాడు. ఆమె మొహం మీద, అందరి ముందు, ఇన్నేళ్ళలో మొదటిసారి.

ఆమె ఫోను చెవి దగ్గర నుంచి తియ్యలేదు. అతని కళ్ళలోకే చూసింది.

"మళ్ళీ అనండి."

"నేనేం అన్లేదమ్మా!" అన్నాడు అవతల కొట్టాయన కంగారుగా. "తాళం ఉంచమంటారా, వాళ్ళకి ఇచ్చెయ్యమంటారా? అదొక్కటి చెప్పండి."